ఫొటో తీశాక మొదలయ్యే పని

కొండో, ఏరో, పొద్దుపొడుపో ఉన్న ఫొటో ఒకటి కాస్త బాగా కుదిరితే చాలు, చూసినవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న: "ఎడిట్ చేశారా?" మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాణ్ని "చూసి రాశావా?" అని అడిగినట్టు, ఆ గొంతులో చిన్న అనుమానం ఉంటుంది. కొత్తగా ఫొటోలు తీస్తున్నవాళ్లు ఆ ప్రశ్నకు జంకుతారు. "లేదండీ, కెమెరాలోంచి ఎలా వచ్చిందో అలాగే పెట్టాను" అని చెప్పుకోవడం గౌరవమనుకుంటారు. ఆ జంకు అక్కర్లేదని చెప్పడానికే ఈ వ్యాసం. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఈ పనిలో తేలిక భాగం. మన ఫొటోను మన జ్ఞాపకాలు పక్కన పెట్టి, బయటివాళ్ల కంటితో చూడగలగడమే కష్టమైన భాగం. అందుకు తోటి ఫొటోగ్రాఫర్లు కావాల్సిందే.

నిజానికి ఎడిట్ చేయని డిజిటల్ ఫొటో అంటూ ఏదీ లేదు. మనం చేయకపోతే కెమెరా చేస్తుంది. సెన్సార్ మీద పడిన వెలుతురును అది ముందు అంకెలుగా మార్చుకుంటుంది. ఫొటో జేపెగ్‌గా కావాలని సెట్ చేసి ఉంటే, ఆ అంకెలకు తన లెక్క ప్రకారం రంగు, కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ అద్ది, ఒక్కో రంగుకు 256 మెట్లు మాత్రం ఉంచి, మిగతాది పారేస్తుంది. ఫోన్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. మనం బటన్ ఒక్కసారే నొక్కినా, వరసగా కొన్ని ఫ్రేములు తీసుకుని, ఆకాశం తెల్లబడకుండా నీడలు నల్లబడకుండా వాటిని కలిపి ఇస్తుంది. 'అలాగే వచ్చింది' అనుకునే ఫొటోలో కూడా బోలెడు నిర్ణయాలున్నాయి. కాకపోతే అవి ఆ కొండను, ఆ పొద్దును ఎరగని ఒక ప్రోగ్రాం తీసుకున్నవి.

కెమెరా ఆ అంకెలను దిద్దకుండా అలాగే దాచే రా ఫైలులో అయితే ఆ నిర్ణయాలు మన చేతిలో ఉంటాయి. 12 బిట్ల రా ఫైలులో వెలుతురుకు 4,096 మెట్లు, 14 బిట్లదాంట్లో 16,384 మెట్లు దొరుకుతాయి. తెరిచి చూస్తే మాత్రం చప్పగా, వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి నిరుత్సాహపడి మళ్లీ జేపెగ్‌కే పోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ చప్పదనమే మనకు దొరికిన అవకాశం. జేపెగ్‌లో నీడను కొంచెం ఎత్తగానే రంగులు మచ్చలుమచ్చలుగా విడిపోతాయి. రా ఫైలులో అదే నీడ నుంచి చెట్టు ఆకులు, బండ పగుళ్లు బయటికి వస్తాయి.

ఈ పని కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1850ల నాటి కొలోడియన్ గాజు ప్లేట్లు నీలం వెలుగుకు మరీ ఎక్కువగా స్పందించేవి. నేల సరిగ్గా పడేంతసేపు లెన్సు తెరిచి ఉంచితే ఆకాశం పూర్తిగా తెల్లబడిపోయేది. ఆనాటి చాలా ఫొటోల్లో మేఘం జాడ లేని బోడి ఆకాశం ఉండటానికి కారణం ఇదే. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఫొటోగ్రాఫర్ దీనికో దారి కనిపెట్టాడు. సముద్రానికొకటి, ఆకాశానికొకటి వేర్వేరు నెగటివ్‌లు తీసి, నీరూ నింగీ కలిసే గీత దగ్గర రెంటినీ అతికి ఒకే ప్రింటుగా వేసేవాడు. 1857లో సెత్ రేవు దగ్గర తీసిన 'పెద్ద అల' అలా తయారైందే. ఇవాళ మనం ఆకాశానికి ఒక ఎక్స్‌పోజర్, నేలకు ఒక ఎక్స్‌పోజర్ తీసి కలుపుతున్నామంటే, ఆయన వేసిన బాటలోనే నడుస్తున్నాం.

ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రఫీ గురించి మాట్లాడుతూ ఆన్సెల్ ఆడమ్స్ పేరు తలవకుండా ఉండలేం. 1941 నవంబర్ 1 సాయంత్రం ఆయన అమెరికాలోని న్యూమెక్సికోలో, హెర్నాండెజ్ అనే పల్లె పక్కగా కారులో వెళ్తున్నాడు. చర్చి పక్కన స్మశానంలోని తెల్ల శిలువల మీద చివరి ఎండ పడుతోంది, తూర్పున కొండల పైన చంద్రుడు లేచి ఉన్నాడు. బండి ఆపి కెమెరా బిగించేసరికి లైట్ మీటర్ చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుతురు ఎంతో తనకు గుర్తున్న లెక్కతో ఎక్స్‌పోజర్ కట్టి ఒక్క నెగటివ్ తీశాడు. రెండోది తీసేలోపు శిలువల మీది ఎండ తప్పుకుంది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. తొలి ప్రింట్లలో ఆకాశం బూడిదరంగులో, పల్చని మేఘాలతో ఉండేది. 1948లో ఆయన నెగటివ్ కింది భాగాన్ని మళ్లీ రసాయనాలతో శుద్ధి చేసి, నేల మరింత స్పష్టంగా పడేలా చేసుకున్నాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆకాశాన్ని నల్లబరుస్తూ పోయాడు. చివరి కాలపు ప్రింట్లలో చంద్రుడు దాదాపు కటిక నలుపులో వెలుగుతుంటాడు. ఒకే నెగటివ్‌ను మనిషి తన చూపు మారే కొద్దీ ముప్పై ఏళ్లకు పైగా దిద్దుకుంటూ వచ్చాడు. డార్క్‌రూమ్‌లో కాగితం మీద ఒక చోట వెలుతురు తగ్గించి దాన్ని తేలికపరచడాన్ని డాడ్జింగ్ అని, ఎక్కువ వెలుతురిచ్చి నల్లబరచడాన్ని బర్నింగ్ అని అనేవారు. 1990లో వచ్చిన ఫొటోషాప్, 2007లో వచ్చిన లైట్‌రూమ్ ఈ పనులను కంప్యూటర్‌లోకి తెచ్చాయి. ఫొటోషాప్‌లో ఆ రెండు పనిముట్లకు ఇప్పటికీ అవే పేర్లు.

ఇక మన దగ్గరి ఫొటో ఒకటి పట్టుకుని చూద్దాం. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర గండికోటలో, ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నా పారుతుంది. కోట దాటి బండల అంచుకు వెళ్లి నిలబడితే, పొద్దున్నే పైబండల మీద ఎండ పడి ఎర్రగా మండుతుంటుంది, లోయ అడుగున ఇంకా చీకటి పేరుకుని ఉంటుంది. మా ఫొటోగ్రాఫర్ల బృందంలోకి కొత్తగా వచ్చిన ప్రొద్దుటూరు కుర్రాడొకడు అక్కడ తీసిన రా ఫైలు తెచ్చాడు. "అక్కడ నిలబడి చూస్తే ఒళ్లు జలదరించిందన్నా. ఇందులో ఆ మజా రాలేదు" అన్నాడు.

ఎందుకు రాలేదంటే, కన్ను చూసే తీరు వేరు, కెమెరా చూసే తీరు వేరు. మనం అలాంటి చోట నిలబడినప్పుడు చూపు ఒక చోట ఉండదు. ఆకాశం వైపు చూస్తే కంటిపాప ముడుచుకుంటుంది, లోయలోకి చూస్తే విచ్చుకుంటుంది. ఇలా ముక్కలుముక్కలుగా చూసినదాన్ని మెదడు కలిపి ఒకే దృశ్యంగా చూపిస్తుంది. కెమెరా మొత్తం దృశ్యానికి ఒకే ఎక్స్‌పోజర్ వాడుతుంది. దాంతో ఆకాశం తెల్లబడటమో, లోయ నల్లబడటమో తప్పదు. ఈ కుర్రాడు తెలివిగా ఆకాశాన్ని కాపాడుకున్నాడు, లోయను చీకట్లో వదిలాడు. అది సరైన పనే. సెన్సార్ నిండిపోయి పూర్తిగా తెల్లబడిన చోట ఎడిటింగ్‌లో తిరిగి తెచ్చుకునేందుకు ఏమీ మిగలదు. చీకటిలో మాత్రం సమాచారం ఉంటుంది. దాన్ని పైకి ఎత్తితే కొంత నాయిస్ గరుకుగా కనిపించినా, బండ బండగానే ఉంటుంది.

ఎడిటింగ్‌కు ముందు చిల్లర పనులు చేసేసుకోవాలి. వాలిన దిగంతరేఖను సరిచేయడం, సెన్సార్ మీది దుమ్ము వల్ల ఆకాశంలో పడ్డ బూడిద చుక్కలు తుడవడం, లెన్సు లోపాలను సరిదిద్దే ప్రొఫైల్ టిక్కు పెట్టడం. గండికోటలో ఎదుటి గట్టు పైభాగం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి, ఒక్క డిగ్రీ వాలినా చూసేవాళ్లకు ఇబ్బందిగానే ఉంటుంది.

తర్వాత హిస్టోగ్రామ్ చూడాలి. ఫొటోలో ఎంత నలుపు, ఎంత మధ్యరకం, ఎంత తెలుపు ఉన్నాయో చూపే పటం అది. ఎడమ గోడకు గుట్టలా ఆనుకుని ఉంటే నీడలు చచ్చినట్టు, కుడి గోడకు ఆనుకుంటే వెలుగులు పోయినట్టు. తెర వెలుగు మనల్ని మోసం చేస్తుంది గానీ, హిస్టోగ్రామ్ చేయదు. రాత్రిపూట లైట్లార్పి, తెర వెలుగు పూర్తిగా పెంచుకుని ఎడిట్ చేసినవాళ్ల ప్రింట్లన్నీ నల్లగా రావడానికి కారణం ఇదే. ఫొటో బాగానే ఉందని తెర చెప్పింది, కాగితానికి సొంత వెలుగు లేదు.

వైట్ బ్యాలెన్స్ దగ్గర కాస్త ఆగాలి. చాలామంది దీన్ని ఆటోకు వదిలేసి నష్టపోయేది ఇక్కడే. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు 5,500 కెల్విన్లు. పొద్దుపొడుపు ఎండ 3,000 దగ్గరికి దిగుతుంది, అందుకే బంగారు రంగు. నీడకు మాత్రం సూర్యుడి వెలుగు తగలదు. దానికి వెలుగు ఇచ్చేది నీలాకాశమే కాబట్టి నీడ 7,000 పైచిలుకు ఉండి నీలంగా కనిపిస్తుంది. పైబండల ఎరుపు, లోయ నీలం పక్కపక్కన ఉండటమే ఆ పొద్దుటి పూట అందం. ఆటో వైట్ బ్యాలెన్స్‌కు ఇది తప్పుగా కనిపిస్తుంది. ఎరుపును చల్లార్చి ఆ వేళను ఏ పదకొండు గంటలకో తీసినట్టు మారుస్తుంది. దీనికి విరుగుడుగా స్లైడర్‌ను పసుపు వైపు బాగా జరిపితే నీడలు కూడా పచ్చబడిపోతాయి, అదీ నప్పదు. పగటి వెలుగు సెట్టింగ్ దగ్గర మొదలుపెట్టి, నీడలో కొద్దిగా నీలం మిగిలేలా జరుపుకోవడం మేలు. మా కుర్రాడి ఫొటోలో ఈ ఒక్క మార్పుతోనే పొద్దున వాతావరణం వచ్చేసింది.

మంచు, పొగమంచు, దుమ్ము ఉన్న చోట అందరి చేయీ మసకను తగ్గించే డీహేజ్ స్లైడర్ మీదికి పోతుంది. వద్దనను గానీ, అది ఏం చేస్తుందో తెలుసుకుని వాడాలి. గాలిలోని అణువులు పొట్టి తరంగాల వెలుగును, అంటే నీలాన్ని, ఎక్కువగా చెదరగొడతాయి. అందుకే దూరం పెరిగే కొద్దీ కొండలు నీలిరంగుకు తిరిగి, పాలిపోతూ వెళ్తాయి. ఒకదాని వెనక ఒకటి ఉన్న కొండ వరసల్లో ఏది దగ్గర, ఏది దూరం అన్నది మన కంటికి చెప్పేది ఆ పాలిపోవడమే. డీహేజ్ గట్టిగా లాగితే వెనక కొండ ముందుకొచ్చి ముందు కొండకు అతుక్కుంటుంది, లోతు పోతుంది. చింతపల్లి దగ్గరి లంబసింగికి శీతాకాలంలో జనం వెళ్లేదే మంచు కోసం. ఆ మంచును తుడిచేస్తే ఫొటోలో మిగిలేవి మామూలు చెట్లే. గండికోట ఫొటోలో డీహేజ్ కావాల్సింది ఎదుటి గట్టు గోడకు మాత్రమే, అదీ రాతి పొరలు విడివిడిగా కనిపించేంత వరకే. వెనక మైదానాన్ని అలాగే మసకగా వదిలేశాం.

ఫొటోలో ఒక భాగాన్ని మాత్రమే ఎంచుకుని దిద్దే మాస్క్‌ల అవసరం ఇక్కడే వస్తుంది. ఫొటో మొత్తానికి ఒకే మార్పు చేయడంతో ఎడిటింగ్ మొదలవుతుందే గానీ పూర్తికాదు. ఏ భాగానికి ఎంత అన్నది విడివిడిగా నిర్ణయించడమే దిద్దుబాటు. ఆకాశానికి పైనుంచి కిందికి పలచబడే గ్రేడియెంట్ వేసి కొద్దిగా తగ్గించాం. ఎండ పడ్డ బండలకు విడిగా ఒక మాస్క్ వేసి వెలుగు ఒక్క పిసరు పెంచాం. లోయ నీడలను ఎత్తాం గానీ పూర్తిగా ఎత్తలేదు. ఇది ముఖ్యం. నీడలన్నీ తెరిచేస్తే అంతా ఒకే వెలుగులో, వేళ తెలియకుండా తయారవుతుంది. లోయ లోతుగా ఉందని తెలియాలంటే అడుగున కొంత చీకటి ఉండాలి. చేయి ఎక్కువైందనడానికి ఒక గుర్తు కొండ అంచు దగ్గర దొరుకుతుంది. ఆకాశం, రాయి కలిసే గీత వెంబడి తెల్లటి అంచు కట్టినట్టు ఒక వెలుగు గీత కనిపిస్తే, మాస్క్ గానీ క్లారిటీ గానీ మోతాదు దాటినట్టే. 100 శాతం పెద్దది చేసి ఆ గీత వెంట ఒకసారి చూపు నడిపించాలి.

రంగుల సంగతి చెప్పుకోవాలి. సాచురేషన్ స్లైడర్ ఉన్న రంగులన్నిటినీ సమానంగా పెంచుతుంది. అప్పటికే గాఢంగా ఉన్న ఎరుపు ముద్దయిపోయి, అందులోని రాతి గీతలు మాయమవుతాయి. వైబ్రెన్స్ తక్కువగా ఉన్న రంగుల మీదే ఎక్కువ పనిచేస్తుంది కాబట్టి కాస్త సురక్షితం. అంతకంటే మంచి దారి, ఏ రంగు అడ్డొస్తోందో చూసి దాన్ని తగ్గించడం. మన పల్లెల ఫొటోల్లో వరి ఆకుపచ్చ సాధారణంగా అలా అడ్డొస్తుంది. కెమెరాలు దాన్ని పచ్చరంగు డబ్బా ఒలికినట్టు చూపిస్తాయి. ఆ ఒక్క రంగును కొంచెం పసుపు వైపు తిప్పి, కొంచెం తగ్గిస్తే చేను చేనులా ఉంటుంది. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకు నాట్లు వేసిన నెలకు చేను ఏ రంగులో ఉంటుందో, పొట్టకొచ్చేసరికి ఏ రంగుకు తిరుగుతుందో తెలుసు. ఆ తెలిసిన రంగును నమ్మాలి.

ఇదంతా ఏ సాఫ్ట్‌వేర్‌లో అన్న ప్రశ్నకు నేను పెద్ద ప్రాధాన్యం ఇవ్వను. డబ్బు పెట్టలేనివాళ్లకు డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితంగా దొరుకుతున్నాయి, ఫోన్‌లో స్నాప్‌సీడ్ ఉంది. వీటిలో ఏదైనా, చేసిన మార్పులను వెనక్కి తీసుకునే వీలుంటుంది. అసలు ఫైలు చెడిపోతుందన్న భయం లేదు.

గంటసేపు కూర్చుని ఇదంతా చేశాక, చేసినవాడికి ఒక సమస్య వస్తుంది. అదే ఫొటోను అంతసేపు చూస్తూ కూర్చుంటే కన్ను దానికి అలవాటు పడిపోతుంది. నీలం ఎక్కువైన తెరను కాసేపు చూస్తే మెదడు ఆ నీలాన్నే తెలుపుగా సర్దుకుంటుంది. రంగు కొంచెం పెంచాక అది మామూలుగా కనిపిస్తుంది, ఇంకొంచెం పెంచాలనిపిస్తుంది. ఇలా మెట్టు మెట్టుగా ఎంత దూరం వచ్చామో మనకే తెలియదు. రాత్రి బాగుందనుకున్న ఫొటో తెల్లారి చూస్తే కళ్లు మిరుమిట్లు గొలపడానికి కారణం ఇదే. ఒక రాత్రి గడిచాక మళ్లీ చూడటం దీనికి కొంత మందు. ఇంకొక ఇబ్బందికి మాత్రం ఆ మందు పనిచేయదు. ఫొటో తీసినవాడికి అక్కడి చలిగాలి గుర్తుంది, ఎక్కిన ఆయాసం గుర్తుంది, పొద్దు పొడిచిన క్షణం గుర్తుంది. ఫొటో చూసినప్పుడల్లా అవన్నీ తోడొస్తాయి. చూసేవాళ్ల ముందు ఉండేది మాత్రం ఒక దీర్ఘచతురస్రం. అందులో లేనిదేమిటో చెప్పగలిగేది వాళ్లే.

ఆడమ్స్ జీవితంలోనే దీనికి మంచి దృష్టాంతం ఉంది. యౌవనంలో ఆయన పియానో వాయిద్యకారుడు కావాలనుకున్నాడు, ఫొటోలు పక్కన నడిచేవి. 1930లో న్యూమెక్సికోలోని టావోస్‌లో పాల్ స్ట్రాండ్ అనే తోటి ఫొటోగ్రాఫర్ తన నెగటివ్‌లు చూపించాడు. ప్రింట్లు కూడా కాదు, నెగటివ్‌లే. వాటిలోని స్పష్టత చూశాక ఆడమ్స్ ఫొటోగ్రఫీనే వృత్తిగా ఎంచుకున్నాడు. గరుకు కాగితం మీద మసకమసకగా ప్రింటు వేసే అలవాటు వదిలి, నున్నటి కాగితం మీద పదునైన ప్రింట్ల వైపు తిరిగాడు. 1932లో ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ వంటి ఫొటోగ్రాఫర్లతో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రూప్ ఎఫ్ 64 పేరుతో ప్రదర్శన పెట్టాడు. ఎంత ప్రతిభ ఉన్నా, తన పనిని పక్కవాడి పని పక్కన పెట్టి చూసుకున్నాకే ఆయనకు దారి కనిపించింది.

మళ్లీ మా కుర్రాడి దగ్గరికి వద్దాం. దిద్దిన ఫొటోను బృందంలో అందరికీ చూపించి "ఎలా ఉందన్నా?" అని అడిగాడు. అందరూ "సూపర్" అన్నారు. ఆ ప్రశ్నకు ఆ జవాబే వస్తుంది. మొహమాటం మన స్వభావం, ముఖం మీద లోపం చెప్పడం మనకు చేతకాదు. అందుకని ప్రశ్న మార్చి అడగమన్నాను. మొదట చూపు ఎక్కడ పడింది? అక్కణ్నుంచి ఎటు పోయింది? ఎక్కడ ఆగిపోయింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఎవరూ మొహమాటపడరు, ఎందుకంటే ఇందులో మంచి చెడ్డల తీర్పు లేదు. చెప్పేది తన కన్ను గురించే.

బృందంలో అందరికంటే అనుభవమున్న అక్క ఒకావిడ కాసేపు చూసి, "నా చూపు నీళ్ల దాకా పోవట్లేదు తమ్ముడూ. కుడివైపు కింద ఆ తెల్ల బండ దగ్గరే ఆగిపోతోంది" అన్నారు. ఇంకో మిత్రుడు, "ఆ మూల బరువుగా ఉంది, క్రాప్ చెయ్" అన్నాడు. మూడో ఆయన, "అది ఉండాలి, అదుంటేనే మనం అంచున నిలబడ్డట్టుంది. ఇంకా షార్ప్ చెయ్" అన్నాడు. కుర్రాడు తికమకపడ్డాడు. ఒకరు తీసెయ్ అంటున్నారు, ఒకరు ఇంకా తేట చెయ్ అంటున్నారు, ఎవరి మాట వినాలి?

ఇన్నేళ్లు ఇలాంటి చర్చల్లో కూర్చున్నాక నాకు కలిగిన అభిప్రాయం ఒకటుంది. చూసేవాళ్లు చెప్పే మందులో తేడాలుండొచ్చు గానీ, నొప్పి ఎక్కడో మాత్రం వాళ్లు సరిగ్గానే చెబుతారు. ముగ్గురి సలహాలూ వేరు, ముగ్గురి వేలూ ఆ బండ మీదే ఉంది. అక్కడేదో ఉంది, అంతవరకు నమ్మాలి. ఏం చేయాలన్నది తీసినవాడి నిర్ణయం. కన్ను సహజంగా పోయేది అన్నిటికంటే వెలుగుగా ఉన్న చోటికి, కాంట్రాస్ట్ ఎక్కువున్న చోటికి, మనిషి ఆకారం ఉన్న చోటికి. ఆ తెల్ల బండ నది కంటే వెలుగ్గా ఉంది, పైగా ఫ్రేము మూలన ఉంది. అందుకే చూపును బయటికి లాగుతోంది. కుర్రాడు బండను తీయలేదు, పదును పెంచలేదు. దాని మీద చిన్న మాస్క్ వేసి వెలుగు తగ్గించాడు. నీళ్ల మీద పడ్డ ఆకాశపు మెరుపును అంతకంటే కొంచెం తక్కువ మోతాదులో పెంచాడు. అక్క మళ్లీ చూసి, "ఇప్పుడు బండ మీద కాలు పెట్టి లోయలోకి చూసినట్టుంది" అన్నారు. మూడో ఆయన కోరిందీ అదే.

అందరి మాటా వినాలని కాదు. తీసినవాడికి ఈ ఫొటోలో ఏం చెప్పాలో తెలియకపోతే ఎన్ని సలహాలైనా గందరగోళమే. సలహా అడిగే ముందు ఒక్క వాక్యంలో, మనసులోనే అయినా, "ఇది లోతు గురించిన ఫొటో" అనో, "ఇది ఎర్ర రాయి గురించిన ఫొటో" అనో అనుకుని ఉండాలి. లోతు గురించిన ఫొటో అయితే నీడలు పూర్తిగా తెరవమనే సలహాను మర్యాదగా పక్కన పెట్టేయొచ్చు. రాయి గురించినదైతే ఆ సలహానే విలువైనది.

ఫొటో తీసేవాళ్ల అభిప్రాయాలకు ఒక పరిమితి ఉందని కూడా చెప్పాలి. వాళ్లు షార్ప్‌నెస్, నాయిస్, మూలలు చూస్తారు. ఫొటోగ్రఫీతో సంబంధం లేని మనిషికి, ముఖ్యంగా ఆ ఊరి మనిషికి చూపించడం అంతే అవసరం. గండికోట చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఆ రాయి ఎంత ఎరుపో తెలుసు. "మా రాయి ఇంత ఎర్రగుండదు బాబూ" అని వాళ్లంటే, ఎరుపు తగ్గించాల్సిందే.

దిద్దిన ఆ ఫొటోలో ముందు బండల మధ్య ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసా కూడా ఉంది. తీసేయాలా, వద్దా అని మా బృందంలో చాలాసేపు వాదన నడిచింది. ఇది అభిరుచికి సంబంధించింది కాదు, నిజాయితీకి సంబంధించింది. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రం నిలువు కొలతకు సరిపడేలా గీజా పిరమిడ్లను కంప్యూటర్‌తో దగ్గరికి జరిపి, ఏళ్ల తరబడి విమర్శలు మోసింది. 2012లో బ్రిటన్‌లోని ఒక పేరున్న ల్యాండ్‌స్కేప్ పోటీలో మొదటి బహుమతి పొందిన చిత్రంలో, నియమాలకు విరుద్ధంగా మార్పులు చేశారని తేలి బహుమతి వెనక్కి తీసుకున్నారు. వాటిలో విడిగా చేర్చిన మేఘాలూ ఉన్నాయి. ఫియాప్, పీఎస్‌ఏ లాంటి అంతర్జాతీయ సంస్థల గుర్తింపుతో జరిగే పోటీల్లో నేచర్ విభాగానికి వెలుగు, రంగులు సహజత్వం చెడకుండా సర్దుకోవచ్చు, క్రాప్ చేయొచ్చు, సెన్సార్ దుమ్ము తుడవచ్చు. దృశ్యంలో ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని చేర్చడం మాత్రం కుదరదు. ఓపెన్ విభాగంలో ఆ స్వేచ్ఛ ఉంటుంది. నా వరకు గీత ఇదే: గోడకు తగిలించుకునే ఫొటోలో సీసా తీసేయొచ్చు. గండికోట ఇలా ఉందని పత్రికలో అచ్చువేసే ఫొటోలో తీయకూడదు. తీసేటప్పుడే వంగి ఆ సీసాను సంచిలో వేసుకుని ఉంటే ఫొటోకూ మంచిది, కొండకూ మంచిది.

ఇలాంటి బృందం దొరకనివాళ్లు సొంతంగా కట్టుకోవచ్చు. నలుగురైదుగురు చాలు, ఎక్కువైతే మాట మొహమాటంలోకి జారుతుంది. ఊళ్లో కుదరకపోతే దూరంగా ఉన్నవాళ్లతోనైనా చేయొచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వివరాలు పోగొట్టుకుంటుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి. ఫోన్లో, కంప్యూటర్‌లో రంగులు ఒకేలా కనిపించాలంటే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతిలో సేవ్ చేయాలి. కలిసి కూర్చునే వీలుంటే, నెలకొకసారైనా ఏ4 ప్రింటు వేసి బల్ల మీద పరుచుకోవడం మంచిది. తెర మీద వేలితో పక్కకు తోసేసే ఫొటోను కాగితం మీద అయితే ఎవరైనా ఒక నిమిషం చూస్తారు.

మా దగ్గర రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఫొటో చూస్తున్నంతసేపు తీసినవాడు నోరు విప్పకూడదు. "ఆ రోజు మబ్బు పట్టిందన్నా, అందుకే..." అని వాడు మొదలుపెడితే, చూసేవాళ్లు ఫొటోను వదిలి ఆ కథను చూస్తారు. అందరూ మాట్లాడాకే వాడి వంతు. రెండోది, అన్నీ అయ్యాక అసలు రా ఫైలు తెరిచి చూపించాలి. కొత్తగా వచ్చినవాళ్లకు ఎడిటింగ్ అర్థమయ్యేది ఆ నిమిషంలోనే. మొన్న ప్రొద్దుటూరు కుర్రాడు తన చప్పటి ఫైలునూ, దిద్దినదాన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు, కొత్తగా చేరిన ఇంకొకడు తన ఫోన్‌లోని గండికోట ఫొటో తీసి, "అన్నా, నాదాంట్లో కూడా ఆ తెల్ల బండ ఉంది" అన్నాడు.